గుండీల కొట్టులో ఇంగ్లీషు బేరం

మా వదిన ఆ కాగితాన్ని తెచ్చి నా టీ కప్పు మీద మూతలా పెట్టి, "చదువు," అంది.

వదిన అంటే నా భార్యకు అక్క. నా భార్య పోయి నాలుగేళ్లయింది. ఆవిడ వదిలివెళ్లిన సామానులో నేను వదిన వాటాకి వచ్చాననుకుంటాను. ప్రతి ఆదివారం వచ్చి వంటగదిలో డబ్బాల మూతలు తీసి చూసి, ఏది నిండుకుందో, దేనికి పురుగు పట్టిందో చెప్పి, నన్ను నాలుగు తిట్టి వెళుతుంది. ఆ తిట్ల కోసం నేను శనివారం నుంచే ఎదురుచూస్తానని ఆవిడకు తెలియదు. ఈసారి డబ్బాల జోలికే పోలేదు. సంగతి పెద్దదేనని అప్పుడే అర్థమైంది.

కాగితం మార్కెట్ కమిటీ పంపింది. మొత్తం ఇంగ్లీషులో ఉంది. వదినకు ఆ మార్కెట్లో ముప్పై ఏళ్లుగా గుండీల కొట్టు. పైకప్పున్న పాత మార్కెట్ అది, లోపలంతా సందులు. ఒక్క ఉత్తరపు గోడకు మాత్రం నిలువెత్తు కిటికీలు నాలుగున్నాయి. వాటిలో రెండో కిటికీ పక్కన వదిన బల్ల. వెనక నూటనలభై చిన్న సొరుగులు, ఒక్కో సొరుగు ముఖాన లోపలున్న రకానికి నమూనాగా ఒక్కో గుండీ తీగతో బిగించి ఉంటుంది. కొమ్ము గుండీలు, ఇత్తడివి, చెక్కవి, ముత్యపు చిప్పవి, రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి. కళ్లు మూసుకుని చెయ్యి చాపినా అడిగిన సొరుగే వస్తుంది ఆవిడకి.

"ఏమంటారు వాళ్లు?" అంది వదిన.

"మార్కెట్‌కి రంగులు వేశాక బయటి దేశాల వాళ్లు ఎక్కువ వస్తున్నారట. కిటికీల పక్కనున్న నాలుగు కొట్లూ వాళ్లతో ఇంగ్లీషులో ధరలు మాట్లాడగలిగిన వాళ్లకే ఇస్తారట. మూడు వారాల్లోపు ఎప్పుడో ఒకరోజు కమిటీ మనిషి మామూలు కొనుగోలుదారులా వచ్చి చూస్తారు. ముందుగా చెప్పరు. ఐదు మార్కులు. పలకరించడానికి ఒకటి, ధర చెప్పడానికి ఒకటి, ఇంకో రకం చూపించడానికి ఒకటి, అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పడానికి ఒకటి, అమ్మకం పూర్తిచెయ్యడానికి ఒకటి."

"ఎన్ని రావాలి?"

"ఐదుకి ఐదూ."

"రాకపోతే?"

ఆ వాక్యాన్ని రెండోసారి చదివాను. మొదటిసారి చదివినప్పుడే అర్థమైంది గానీ చెప్పబుద్ధి కాలేదు. "మెట్ల కింద చోటు."

వదిన కుర్చీలో కూర్చుంది. "మెట్ల కిందా? అక్కడ నాకు నేనే కనపడను. ట్యూబులైటు కింద నలుపుకీ ముదురు నీలానికీ తేడా ఎవడు చెప్పగలడు? గుండీ రంగు చీకట్లో బట్టతో కలిసినట్టుండి, వీధిలోకెళ్లాక విడిపోతుంది మరిదీ. ఇంటికెళ్లి తిట్టుకుంటారు. మళ్లీ రారు. ఆర్నెల్లలో మూసుకోవాలి."

అది ఉన్న మాటే. గుండీల వ్యాపారమంతా వెలుతురు వ్యాపారం. బట్టను, గుండీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూపించడమే ఆవిడ పని, పేరు, బతుకు.

కాసేపటికి తలెత్తి, "నువ్వు బి.ఏ. చదివావు," అంది, నేరం మోపినట్టు. "ముప్పై రెండేళ్లు నీళ్ల మీటర్ల ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాశావు. మా ఆయన ఇంగ్లీషు రాస్తే పై అధికారి కూడా డిక్షనరీ తియ్యాల్సిందే అని మా చెల్లి కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకునేది. ఆ ఇంగ్లీషేదో ఇప్పుడు నా మొహాన కొట్టు."

మర్నాటి నుంచి సాయంత్రం మార్కెట్ కట్టేశాక నేరుగా మా ఇంటికి వచ్చేది. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి గుండీలు పోసేవాళ్లం. వదినకు చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది గానీ జ్ఞాపకం మాత్రం నూటనలభై సొరుగులది. ఒకసారి చెబితే చాలు. నేను చెప్పినది చెప్పినట్టు, కామాతో సహా పట్టేసింది. వారం తిరిగేసరికి గురువుగా నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

ఆ గర్వం సోమవారం ఉదయం పదకొండింటికి దిగిపోయింది. వదినకు ధైర్యం కోసం నేను కొట్టు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. వేరే దేశపు జంట ఒకటి వచ్చింది. భర్త ఒక ఇత్తడి గుండీని వేలితో చూపించి, "హౌ మచ్?" అన్నాడు.

వదిన లేచి నిలబడింది. చీర కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"డియర్ సర్. విత్ రిఫరెన్స్ టు యువర్ బటన్, వి బెగ్ టు ఇన్ఫార్మ్ యు దట్ ది రేట్ ఆఫ్ ది అబవ్ సెడ్ ఐటమ్ ఈజ్ ట్వెల్వ్ ఓన్లీ. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ ఆబ్లైజ్."

ఒక్క అక్షరం తప్పులేదు. ఆ పెద్దమనిషి మొహంలో రంగులు మారాయి. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. తర్వాత ఎందుకైనా మంచిదని జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఆవిడకు చూపించాడు. వదిన దాన్ని మర్యాదగా చూసి తల ఊపింది. ఇద్దరూ థాంక్యూలు చెప్పి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పక్క కొట్టు తాళాలాయనది. తాళాలు బాగుచేస్తాడు, మారుతాళాలు కోస్తాడు, మధ్యమధ్యలో మనుషుల్ని కూడా కోస్తాడు. ఆకురాయి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"ఏంటక్కా, వాళ్లకి నోటీసిచ్చావా? ఏడు రోజుల్లో గుండీ కొనకపోతే నీళ్లు ఆపేస్తానన్నావా?"

"నువ్వూరుకో," అంది వదిన. తర్వాత నావైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. మా ఆవిడకీ ఉండేది. ఇంటి చూపు అది. "మరిదిగారూ, ఒక్క మాటడుగుతాను. నువ్వు ఎప్పుడైనా ఇంగ్లీషులో ఏమైనా కొన్నావా?"

ఆలోచించాను. చేతిరుమాలు కూడా కొనలేదు. నిజం చెప్పాలంటే తెలుగులోనూ పెద్దగా కొన్నది లేదు. కొనడం, బేరమాడడం మా ఆవిడ శాఖ. నాది సంచుల శాఖ. ఆవిడ ధర విని, పెదవి విరిచి, సరిగ్గా ఐదడుగులు నడిచేది. నేను వెనకాల సంచి పట్టుకుని ఐదడుగులూ నడిచేవాణ్ణి. ఆరో అడుగు ఎప్పుడూ పడేది కాదు. ఈలోపే కొట్టువాడు పిలిచేవాడు.

"లేదు," అన్నాను.

"ఈతరాని వాడి దగ్గరా నేను ఈత నేర్చుకుంటున్నది!" అంది వదిన. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ గొంతులో. అది నా అదృష్టం.

మర్నాడు మంగళవారం, మార్కెట్‌కు సెలవు. పెద్దరోడ్డు మీదున్న అద్దాల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. నాలుగంతస్తులు, మూడో అంతస్తు బట్టలు. ఊరికి వచ్చిన విదేశీయులంతా ముందు అక్కడికే పోతారని తాళాలాయన చెప్పాడు. డబ్బు కట్టే కౌంటరుకు ఎదురుగా మెత్తటి బెంచీ ఒకటి ఉంది. దానిమీద కూర్చున్నాం. నేను పాత డైరీ తెరిచి వినిపించినవన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. వదినకు చెవులు పాము చెవులు. నాకు అందని మాటల్ని మోచేత్తో పొడిచి మరీ అందించింది.

రెండు గంటలు గడిచాయి. మూడో గంటలో కాపలా ఆయన వచ్చాడు. నా వయసే ఉంటుంది, మీసం మాత్రం నాకన్నా బాగుంది.

"సార్, ఇందాకట్నుంచి చూస్తున్నాను. ఏమీ కొనట్లేదు, ఏదో రాస్తున్నారు. మా ధరలు రాసుకుపోవడానికి వచ్చారా? ఏ కంపెనీ?"

ఆఫీసు ఉత్తరంలో మొదటి వాక్యం ఒకటి నా నాలుక మీదికొచ్చింది గానీ అదృష్టవశాత్తు అక్కడే ఆగింది. వదిన మాత్రం నిజం చెప్పేసింది.

"కంపెనీ లేదు, పాడూ లేదయ్యా. గుండీలమ్ముకునేదాన్ని. ఇంగ్లీషు ఏరుకుంటున్నాం."

"ఏంటీ?"

"పొలంలో పరిగె ఏరుకోరూ, అలాగ. ఇక్కడ రాలిపోయేది మాకు పనికొస్తుందని."

కాపలా ఆయన కాసేపు మమ్మల్ని చూశాడు. మీసం కింద నవ్వు కదిలింది. "అయితే ఇక్కడ కూర్చుంటే ఏం లాభం? ఇక్కడ బిల్లు కట్టడమే గానీ మాటలుండవు. అటు, బట్టలు తొడుక్కుని చూసుకునే గదుల దగ్గరికి వెళ్లండి. ఉన్న మాటలన్నీ అక్కడే. సైజు లేదనీ, రంగు బాలేదనీ, ధర ఎక్కువనీ." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు. "ఒక మాట రాసుకోండి సార్. జస్ట్ లుకింగ్. ఆ మాట అన్నవాళ్ల వెంట పడకూడదు. ఇక్కడ పనిలో చేరగానే మొదట నేర్పేది అదే."

ఆ మనిషి మమ్మల్ని బయటికి పంపించి ఉండవచ్చు. పంపించలేదు సరికదా, గదుల దగ్గర వదిన కోసం కుర్చీ కూడా జరిపించాడు. ఇలాంటివి ఏ డైరీలోనూ రాసుకోం గానీ, ఆ రోజు డైరీలో ఆయన మాటే మొదటి వరుసలో ఉంది.

ఇంటికి వచ్చాక నేను డైరీ చదువుతుంటే వదిన వింటూ కూర్చుంది. ఈజ్ దట్ యువర్ బెస్ట్ ప్రైస్. ఎనీథింగ్ చీపర్. హౌ మచ్ ఫర్ టూ. డూ యు హావ్ దిస్ ఇన్ బ్లూ. ఐ విల్ థింక్ అబౌట్ ఇట్. ఒక్కొక్కదానికీ అర్థం చెప్పుకుంటూ పోయాను. సగంలోనే చెయ్యెత్తి ఆపింది.

"ఆగాగు. ఇంతేనా? ఇవి మన మార్కెట్లో రోజూ అనేవే కదా! బెస్ట్ ప్రైస్ అంటే 'చివరి మాట చెప్పమ్మా'. థింక్ అబౌట్ ఇట్ అంటే 'అలా తిరిగొస్తాం', అంటే ఇక రారు. జస్ట్ లుకింగ్ అంటే చేతిలో డబ్బుల్లేవు, కళ్లున్నాయి. ఈ మాత్రం దానికి బెగ్ టు ఇన్ఫార్మ్ అని నా చేత అడుక్కుతినిపించావు కదయ్యా!"

"అది మర్యాద కోసం వదినా."

"మర్యాద మొహంలో ఉండాలి. వాక్యంలో పెడితే అరగదు."

అక్కణ్నుంచి పాఠం తలకిందులైంది. గురువు ఆవిడ, శిష్యుణ్ని నేను. నేను కొనడానికి వచ్చినట్టు తలుపు దగ్గర నుంచి నడిచి రావాలి. ఆవిడ గుడ్ ఈవినింగ్ చెప్పి ధర చెప్పేది. నేను వెంటనే ఐ విల్ టేక్ ఇట్ అనేసేవాణ్ణి.

"నీలాంటి వాళ్లు పదిమంది తగిలితే ఈపాటికి మేడ కట్టేదాన్ని. బేరమాడు!"

"పన్నెండు సబబుగానే ఉంది కదా."

"సబబుగా ఉన్నా ఆడాలి. నా నోరెలా తిరుగుతుంది లేకపోతే? మొహం అలా తెల్లకాగితంలా పెట్టకు. పెదవి విరువు. అదీ. ఇప్పుడు ఐదడుగులు నడువు."

నడిచాను. ఐదో అడుగు దగ్గర, "సర్, సర్, కమ్! టెన్!" అని పిలిచింది. వెనక్కి తిరిగితే నవ్వుతోంది. "ఆ ఐదడుగులూ మా చెల్లికి నేర్పింది ఎవరనుకున్నావు?" అంది. ఇద్దరం గుండీలు ఏరి డబ్బాలో వేశాం. అది బాధపడాల్సిన క్షణమే గానీ, ఎందుకో ఇద్దరికీ నవ్వే వచ్చింది.

మూడో వారానికి మార్కెట్ మొత్తానికి అనుమానం జబ్బు పట్టుకుంది. ఎవరు కమిటీ మనిషో, ఎవరు మామూలు మనిషో తెలియదు. బొమ్మల కొట్టాయన ఊడ్చే ఆవిడక్కూడా గుడ్ మార్నింగ్ చెబుతున్నాడు. తాళాలాయన తన సొంత బావమరిది వస్తే "వెల్‌కమ్ సర్" అన్నాడు. ఆ బావమరిది, అప్పు అడగడానికి వచ్చినవాడు, అడగకుండానే వెళ్లిపోయాడు. "ఇంగ్లీషు వల్ల మొదటి లాభం!" అన్నాడు తాళాలాయన. టోపీ పెట్టుకున్న ఒకాయన వదిన బల్ల ముందు కాళ్లు మార్చుకుంటూ నిలబడితే, వదిన పలకరించి, ధర చెప్పి, ఇంకో మూడు రకాలు చూపించి, రెండు కొంటే తగ్గిస్తానని కూడా చెప్పింది. పాపం ఆయన టాయిలెట్ ఎక్కడో కనుక్కుందామని వచ్చాడు.

గడువు ఇక రెండు రోజులుందనగా, గురువారం ఉదయం, వాన పడి వెలిసిన తర్వాత వచ్చిందావిడ. యాభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, తడిసిన గొడుగు, ముదురు బూడిదరంగు కోటు. కోటుకు పైనుంచి రెండో గుండీ లేదు. వచ్చీ రాగానే అట్టకు కుట్టి ఉన్న ఆరు కొమ్ము గుండీల సెట్టు తీసుకుంది. కొట్టులో అన్నిటికన్నా ఖరీదైనది అదే.

"హౌ మచ్ ఈజ్ దిస్?"

"గుడ్ మార్నింగ్ మేడమ్. సిక్స్ బటన్, నైంటీ," అంది వదిన, కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా.

"ఎనీథింగ్ చీపర్?"

వదిన చెయ్యి వెనక్కి చూడకుండానే సొరుగులోకి పోయింది. "దిస్ వన్ ప్లాస్టిక్. సిక్స్, థర్టీ. కలర్ సేమ్. బట్ హార్న్ లాంగ్ లైఫ్."

"ఆర్ దే రియల్ హార్న్?"

"రియల్. టచ్. కోల్డ్."

ఆవిడ బుగ్గకు ఆనించుకుని చూసి తల ఊపింది. "ఓకే. ఐ విల్ టేక్ ద హార్న్ వన్స్." సంచిలోంచి పర్సు తీసింది.

నేను స్టూలు మీద లోలోపల లెక్క వేసుకుంటున్నాను. పలకరింపు అయింది. ధర అయింది. ఇంకో రకం అయింది. జవాబు అయింది. ఇక అట్ట కాగితంలో చుట్టి ఇవ్వడమే. అటు తాళాలాయన ఆకురాయి ఆపేసి ఇటే చూస్తున్నాడు.

వదిన అట్ట మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"కోట్ ప్లీజ్," అంది.

అది వదిన అలవాటు. అలవాటనడం కన్నా ఆవిడ వ్రతం అనాలి. బట్ట చూడకుండా ముప్పై ఏళ్లలో ఒక్క గుండీ చేతిలో పెట్టలేదు. వచ్చినావిడ కాస్త వింతగా చూసి, కోటు విప్పి ఇచ్చింది. వదిన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మిగిలిన గుండీల్ని గోటితో మీటింది. తర్వాత కోటు లోపలికి తిప్పి, అస్తరు కుట్టు వెంట బొటనవేలు నడిపించుకుంటూ పోయింది. పక్క కుట్టు చివర, ఉతికే పద్ధతులు రాసుండే గుడ్డపీలిక వెనక, వేలు ఆగింది. అక్కడ, కోటు కుట్టిన వాళ్లు అదనంగా కుట్టి పెట్టిన గుండీ ఒకటుంది. అచ్చు అదే.

"యు హావ్," అంది వదిన, పోయిన పిల్లను వెతికిచ్చినంత సంతోషంగా. "నో బై."

"బట్ ఐ వాంట్ టు బై దెమ్."

"నో నీడ్. వై నైంటీ? యువర్ ప్రైస్, జీరో." కోటు తిరిగి ఇచ్చేసి, కొమ్ము గుండీల అట్ట సొరుగులో పెట్టేసింది.

తాళాలాయన నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ ఆ లోపలి గుండీని కాసేపు చూసి, థాంక్యూ అని, ఒక చేత్తో కోటు ముందు భాగం దగ్గరికి పట్టుకుని వెళ్లిపోయింది.

"అక్కా!" అన్నాడు తాళాలాయన. "ఆవిడే కమిటీ మనిషైతే?"

"అయితే?"

"అయితే ఏంటి అయితే! నోటి దాకా వచ్చిన ముద్ద. అమ్మకం పూర్తి కాలేదు కదా!"

"ఒంటి మీద గుండీ పెట్టుకుని ఊరంతా తిరుగుతోంది తమ్ముడూ. దానికి తొంభై పుచ్చుకోమంటావా? తీసుకెళ్లాక ఎప్పుడో ఇస్త్రీ చేసేటప్పుడు కనపడుతుంది. అప్పుడు ఏమనుకుంటుంది నన్ను?"

మెట్ల కింద ఆ చోటు నేను వారం క్రితం వెళ్లి చూసొచ్చాను. పాత తక్కెళ్లు, విరిగిన బల్లలు, ఎప్పుడూ వెలుగుతూనే ఉండి మాటిమాటికీ కన్నుకొట్టే ట్యూబులైటు. ఆ సంగతి వదినకు చెప్పలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి పక్కన కమిటీ గుమాస్తా, చేతిలో అట్టకు బిగించిన ఫారం. పరీక్షకు కమిటీ పిలిపించిన మనిషి ఆవిడేనని చూడగానే అర్థమైంది. గుమాస్తా మొహమాటపడుతూ ఫారం నా చేతికిచ్చాడు. చదివాను. నాలుగు గళ్లలో టిక్కులు. ఐదో గడిలో, అమ్మకం పూర్తి చేయడం అన్నచోట, 'లేదు' అని ఉంది.

"నాలుగు వచ్చాయమ్మా. కమిటీ చెప్పింది ఐదు," అన్నాడు గుమాస్తా. "నా చేతిలో ఏముంది?"

వదిన మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది. చెయ్యి తనకు తెలియకుండానే కిటికీ చట్రం మీదికి పోయింది. నాకు వెంటనే పునఃపరిశీలన కోసం అర్జీ మనసులో తయారైపోయింది, విత్ డ్యూ రెస్పెక్ట్‌తో మొదలుపెట్టి. నోరు తెరిచాను.

"నీ ఉత్తరం తర్వాత," అని వదిన నన్ను పక్కకు జరిపింది. ఆ ఫారం వైపు, తర్వాత ఆవిడ వైపు చూసింది. సరుకును అంచనా వేసినట్టు చూసింది.

"మేడమ్. ఫోర్, టూ లిటిల్. గివ్ ఫైవ్."

ఆవిడ తెల్లబోయింది. "ఐయామ్ సారీ. దేర్ వాజ్ నో సేల్."

"నో సేల్, గుడ్ సేల్. అదర్ షాప్, నైంటీ. మై షాప్, జీరో. కస్టమర్ హ్యాపీ, కమ్ ఎగైన్. సీ, యు కేమ్."

"ఐ కేమ్ విత్ ద ఫార్మ్!"

"కమ్ ఈజ్ కమ్," అంది వదిన. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఫోర్. ఈజ్ దట్ యువర్ బెస్ట్ ప్రైస్?"

ఆవిడకు నవ్వాగలేదు. గుమాస్తాకు అర్థమయ్యేలోపు తాళాలాయన అర్థం చేసుకుని ఆకురాయి మీద తాళంచెవితో టకటకా కొట్టాడు. మా సందులో వాళ్లు ఒక్కొక్కరే పోగయ్యారు. మార్కులకు బేరమాడడం ఆ మార్కెట్ పుట్టాక ఎవరూ చూసి ఉండరు.

"ఐ విష్ ఐ కుడ్," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "బట్ ఇట్ ఈజ్ ఎ ఫిక్స్‌డ్ ప్రైస్."

ఆ మాట వదినకు తెలుసు. అద్దాల దుకాణంలో గోడ గోడకూ రాసుంది. ఫిక్స్‌డ్ ప్రైస్ అన్నాక ఎవరూ ఐదడుగులు నడవరు. ఇక అయిపోయిందనే అనుకున్నాను. కానీ వదిన చూపు ఆవిడ మొహం మీద లేదు, చేతి మీదుంది. పొద్దున వెళ్లేటప్పుడు ఎలా పట్టుకుందో ఇప్పుడూ అలాగే కోటు ముందు భాగం ఒక చేత్తో పట్టుకుని ఉంది.

"బటన్?" అంది వదిన.

ఆవిడ కోటు లోపలికి తిప్పి చూపించింది. గుండీ ఇంకా అక్కడే, అస్తరు కుట్టులోనే ఉంది.

"యు హావ్ బటన్. యు హావ్ థ్రెడ్?"

"నో."

"నీడిల్?"

"నో... ఐయామ్ ఇన్ ఎ హోటల్."

వదిన చీర కొంగు సర్దుకుంది. "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్. సేల్ నాట్ ఫినిష్."

"పరీక్ష అయిపోయిందమ్మా!" అన్నాడు గుమాస్తా.

"పరీక్ష అయిపోతే అయిపోయింది. కొట్టు కట్టెయ్యలేదుగా నాయనా?"

గుమాస్తా నసిగాడు. ఏం జరుగుతోందని ఆవిడ అడిగితే నేను చెప్పాను, ఈసారి పొట్టి మాటల్లోనే. ఆవిడ ఫారం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివింది. తేదీ రాసిన గడి మీద వేలు పెట్టి గుమాస్తాకు చూపించింది. అక్కడ తేదీ మాత్రమే ఉంది. వేళ రాయడానికి గడి లేదు.

"ఇట్ ఈజ్ స్టిల్ టుడే," అంది.

ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడు ఎవరో, ఒక గడి గీయడం మరిచిపోయినందుకు ఆయనకు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

వదిన దారాల పెట్టె తెరిచింది. బూడిదరంగే తొమ్మిది ఛాయలు. రెండు రీళ్లు తీసి ముందు లోపలివైపు ట్యూబులైటు కింద పట్టింది. "సేమ్?" అంది. "సేమ్," అంది ఆవిడ. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకొచ్చి కోటు మీద రెండు పోగులూ పక్కపక్కన పరిచింది. వాన కడిగిన వెలుతురు తిన్నగా వాటి మీద పడింది. ఒకటి కోటులో కలిసిపోయింది. రెండోది పచ్చగా బయటపడింది.

"ఓ," అంది ఆవిడ. ఒకసారి కిటికీ వైపు తలెత్తి చూసింది. మళ్లీ దారం వైపు చూసింది. "హౌ మచ్ ఈజ్ దిస్?"

"టెన్."

"ఎనీథింగ్ చీపర్?" అంది ఆవిడ. ఈసారి కళ్లలో అల్లరి కనపడింది.

"నో చీపర్. ఫిక్స్‌డ్ ప్రైస్," అంది వదిన. "నీడిల్ ఫ్రీ."

సందంతా గొల్లున నవ్వింది. ఆవిడ పర్సు తీసి పది చేతిలో పెట్టింది. వదిన దారం, సూది కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆవిడ గుమాస్తా దగ్గర కలం అడిగి తీసుకుని, ఐదో గడిలో 'లేదు' కొట్టేసి టిక్కు పెట్టి, పక్కన సంతకం చేసి, కింద ఖాళీలో ఇంకో వాక్యం రాసింది. గుమాస్తా అది చదువుకుని, తల గోక్కుని, "సరే, ఇంకేముంది," అన్నాడు. ఏం రాసిందో చూద్దామని మెడ చాపాను. ఈ సరుకుకు ఈ కిటికీ తప్పనిసరి అని ఉంది. నా ముప్పై రెండేళ్ల సర్వీసులో అంత చిన్న వాక్యంతో పని జరగడం చూడలేదు.

ఆవిడ వెళ్లలేదు. కాగితం పొట్లం అటూ ఇటూ తిప్పి, కాస్త సిగ్గుపడుతూ, తనకు కుట్టడం రాదంది. వదిన కోటు అందుకుని, బల్ల వెనక కూర్చుని, కిటికీ వైపు సూది ఎత్తి ఒక్కసారికే దారం ఎక్కించింది. లోపలి గుండీ కోసి తీసి, పైన పెట్టి, నాలుగు కన్నాల్లోనూ సూది పోనిస్తూ ఎలా కుట్టాలో చూపించసాగింది. వన్, టూ, త్రీ, ఫోర్, రౌండ్ రౌండ్, నాట్. ఆవిడ వంగి చూస్తోంది. వెనక ఇంకో ఇద్దరు చేతుల్లో చొక్కాలు పట్టుకుని నిలబడ్డారు. తాళాలాయన తన చొక్కాకు గుండీ ఊడి ఆర్నెల్లయిందని అప్పుడే గుర్తొచ్చినట్టు మూడోవాడుగా చేరాడు. నేను కూడా సంతోషం పట్టలేక బల్ల మీదికి వంగాను.

"మరిదీ," అంది వదిన తలెత్తకుండా, "పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డం."